ఖాసింబీ మిద్దె మీద ఏడు లీటర్లు

ఇందులో ప్రతి అక్షరం నిజం. అబద్ధమైతే నా స్పానరు నా చేతిలోనే తుప్పు పట్టిపోవాలి.

రెండేళ్ళ కిందటి మే నెల. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ దాకా, గాలిలోంచి తాగునీరు తీసే పెట్టెలను పరీక్ష కోసం బిగించే పని నాది. పెట్టెలో ఎమ్.ఓ.ఎఫ్. అనే పొడి ఉంటుంది. దాని ఒళ్ళంతా కంటికి కనబడని రంధ్రాలే. రాత్రి గాలిలోని తేమను వాటిలో దాచుకుంటుంది, పగలు ఎండ తగలగానే వదిలేస్తుంది. ఆ ఆవిరి చల్లబడి కింది క్యానులో పడుతుంది. మా ఎండల్లో రోజుకు రెండు లీటర్లొస్తే గొప్ప.

ఆళ్ళగడ్డలో గాజుల అంగడి నడిపే ఖాసింబీ మిద్దె మీద ఒకటి పెట్టాను. ఆమె మనవరాలికి మూడు నెలలు, డబ్బాపాలు. బోరునీళ్ళతో కలపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

నాలుగో రోజు ఆమె ఫోను చేసింది. "ఒక్క దినానికే ఏడు లీటర్లు పడిండాయప్పా!"

గుండె జారింది. మా గాలికి అంత దానగుణం లేదు. వెంటనే బండెక్కాను. ఎదురుగాలికి నా మీసాలు వెనక్కి పోయి చెవులకు చుట్టుకున్నాయి.

పైకెక్కి చూస్తే, ఎండ పడే గాజు మూత ఒక్కటి వదిలి, పెట్టె చుట్టూ తడి గోనెసంచులు.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"కాగిపోతాంది గదప్పా. నీళ్ళకుండకు తడిగోనె సుట్టమా? పొద్దున, మధ్యాన్నం బోరునీళ్ళు పోస్తాండా."

గోనె అంచు నుంచి చుక్కలు నేరుగా క్యానులోకే కారుతున్నాయి. నీళ్ళలో ఎంత ఉప్పు కరిగిందో చూపే టీడీఎస్ మీటరు ముంచాను. సున్నా దగ్గర ఆగాల్సిన అంకె ఎక్కడికో పోయింది. కింద పాప ఏడుపు వినబడుతోంది.

"పాపకు ఈ నీళ్ళు పోసినారా?"

"యాడ పోసేది! ముందర నేను గుక్కెడు తాగి సూసినా. మా బోరు రుచి నాకు తెల్దా? కొన్న నీళ్ళే కాంచి పోస్తాండా. అది ఆకలికి ఏడుస్తాంది, నువ్వెందుకు వణుకుతాండావ్?"

"ఉప్పగుండాయని నాకు చెప్పలేదే?"

"సెప్పనిస్తివా? లీటర్లు అనంగానే ఫోను పెట్టేస్తివి."

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. అప్పటినుంచి ఎన్ని లీటర్లని అడిగే ముందు, తాగి చూశారా, రుచి ఎలా ఉందని అడుగుతున్నాను.

ఇక నేను కల్పించిన భాగం. మీసాల సంగతి మీరు ఎలాగూ నమ్మి ఉండరు. మీరు నమ్మిన చోటే అబద్ధముంది. ఫోను రాగానే గుండె జారలేదు, బండీ ఎక్కలేదు. ఏడు లీటర్లని మా ఆఫీసు గ్రూపులో గొప్పగా పెట్టుకుని, హాయిగా అన్నం తిన్నాను. ఆళ్ళగడ్డ వెళ్ళింది మర్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెట్టె పక్కన ఫొటో దిగడానికి.