ప్రూఫు చూసే మనిషి

మా వదిన రాసిన పుస్తకాలను మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి లోకంలో ఒక్కడే, మా అన్నయ్య. అవి కథలూ నవలలూ కావు, కంప్యూటర్ ప్రోగ్రాముల మాన్యువళ్లు. ఒక్కొక్కటి తలగడకు సరిపోయేంత లావు. వదిన పనిచేసే కంపెనీలోనే అన్నయ్య ప్రూఫులు చూసేవాడు.

అచ్చయ్యాక తప్పు దొరికితే పుస్తకం పుస్తకానికీ సవరణ చీటీ అంటించాల్సి వచ్చేది. అందుకని అన్నయ్య ఏమీ తెలియనివాడిలా కూర్చుని, రాసింది రాసినట్టే కంప్యూటర్‌లో కొట్టి చూసేవాడు. ఎక్కడైనా తేడా వస్తే పక్కన రెండే మాటలు రాసేవాడు: ‘చేసి చూశావా?’ ఇంట్లో కుక్కర్ గురించి చెప్పినా అదే ప్రశ్న. వదినకు ఒళ్లు మండేది.

చివరి మాన్యువల్ అచ్చుకెళ్లిన ఏడాదే అన్నయ్య పోయాడు. ఆ తర్వాత అంతా ఆన్‌లైనే. పాత ప్రూఫులన్నీ చిత్తుకాగితాల కింద పోయాయి, ప్రూఫు చూసే ఉద్యోగమూ పోయింది. ముందు పెట్టేయండి, తప్పుంటే తర్వాత మార్చుకోవచ్చు అనేవాడు మేనేజరు. చదివేవాళ్లు ఏదైనా రాయడానికి ప్రతి పేజీ కింద ఒక గడి పెట్టారు. అందులో ఎక్కువగా తిట్లే వచ్చేవి. అన్నయ్య పోయాక నేను వదినతోనే ఉండేదాన్ని. ఆమె ఇంట్లోనే, కిటికీ దగ్గర బల్ల వేసుకుని పని చేసుకునేది.

ఒకరోజు పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే పిలిచింది. ఆ గడిలో పేరూ ఊరూ లేకుండా ఉంది: ‘నాలుగో స్టెప్పు. చేసి చూశావా?’

చేసి చూస్తే నాలుగో స్టెప్పు నిజంగానే తప్పు. ఆఫీసులో ఎవరో ఆకతాయి పని అన్నాను. సర్వర్లు చూసే ఆవిడకు ఫోన్ చేశాం. ఏది ఎక్కడినుంచి వచ్చిందో తప్పకుండా నమోదవుతుందనీ, దీనికి మాత్రం ఆ చోటు ఖాళీగా ఉందనీ చెప్పింది. ఈ సంగతి మళ్లీ తనను అడగొద్దని ఫోన్ పెట్టేసింది.

తర్వాత ఇంకోటి వచ్చింది. ఆపైన వరసగా. వదిన ముఖం తేటపడింది. పొద్దున్నే శుభ్రంగా తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బల్ల ముందు కూర్చునేది. మీ అన్నయ్య వచ్చారు అనేది, పాలు వచ్చాయన్నంత మామూలుగా. నేను మాత్రం గదినిండా ఎండ పడుతున్నా ఆ బల్ల వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని.

ఆమె కావాలనే తప్పులు రాస్తోందని నాకు ఆలస్యంగా తెలిసింది. తప్పు లేకపోతే అన్నయ్య రాడు కదా.

చివరికి ఈ వ్యవహారం ఆసుపత్రులు వాడే ప్రోగ్రాము మాన్యువల్ దాకా వచ్చింది. రోగుల వివరాలను ముందు కాపీ తీసుకుని, ఆ తర్వాతే పాతవి చెరపాలి. వదిన ఆ వరస తిరగేసి పేజీ పెట్టేసింది. ఎవరైనా ఆ పేజీ చూసి చేస్తే, ఏ రోగికి ఏ మందు పడదో తెలిపే వివరాలన్నీ గల్లంతే. మర్నాడు పొద్దున గడి ఖాళీ. మధ్యాహ్నానికీ ఖాళీయే.

“వదినా, ఇప్పుడే మార్చు. ఎవరి ప్రాణం మీదికైనా వస్తుంది.”

“ఇంకాసేపు చూద్దాం. మీ అన్నయ్య చూడకుండా ఉండరు.”

నాకు కోపం నషాళానికంటింది. నేనే మార్చబోతే నా మణికట్టు పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. అలా ఇద్దరం పెనుగులాడుతుండగానే గడిలో అక్షరాలు పడ్డాయి.

‘ఇది తెలిసే రాశావు. ఇక నేను చూడను.’

వదిన నా చెయ్యి వదిలేసింది. వరస సరిచేసి, తను చేసి చూసి, పేజీ పెట్టాక అప్పుడు ఏడ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

మళ్లీ ఏదీ రాలేదు. ఇప్పుడు ప్రతి స్టెప్పూ తనే చేసి చూసుకుంటోంది. మొన్న నాకు కాఫీ ఇస్తూ అంది: “నిద్రలోనే పోయారు కదా అప్పుడు, ఒక్క మాట చెప్పకుండా. ఈసారి చెప్పే వెళ్లారు.”

ఆమెకు చెప్పాడు. తోడబుట్టినదాన్ని, పక్కనే నిలబడి ఉన్నాను, నాతో మాత్రం ఈసారీ చెప్పలేదు.