చీనీ చెట్లు నాటని వదిన

యాడికి ఊళ్లో మా ఎదురింటి వదిన ఏ పని తలపెట్టినా సగంలో ఆగి, చేయి గాల్లో విసిరేసేది. "పోయేటోళ్లకు ఇదంతా యాలప్పా?" అనేది.

అమెరికాలో స్థిరపడిన వాళ్ల అన్న, చెల్లెలి కుటుంబానికి గ్రీన్ కార్డు ఇప్పించాలని ఎప్పుడో అర్జీ పెట్టాడు. తోబుట్టువుల వంతు రావడానికి ఏళ్లు పడుతుందని, ఓపిక పట్టమని చెప్పాడు. ఆమె పట్టింది.

ఊళ్లో అందరూ వేరుశనగ మానేసి చీనీ, అంటే బత్తాయి, తోటలు వేస్తున్నప్పుడు, మనమూ మొక్కలు నాటుదామని ఆమె భర్త అడిగాడు.

"అవి కాపుకొచ్చేతలికి మనం ఈడుంటామా?" అంది వదిన.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చేను బీడు పడింది. పక్క తోటలు కాపుకొచ్చాక ఆయన వాటిలోనే కాయలు కోసే కూలికి వెళ్లాడు.

పోయిన ఎండాకాలం అమెరికాలో వాళ్ల అన్న గుండెపోటుతో చనిపోయాడు. కర్మలు ముగిశాక మేనల్లుడు ఫోన్ చేశాడు. అర్జీ పెట్టిన మనిషే పోయాక ఇక ఆ అర్జీ చెల్లదని లాయరు చెప్పాడట.

నేను వెళ్లేసరికి వదిన వంటింట్లో గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

"ఊరుకో వదినా, పోయిన అన్న తిరిగొస్తాడా?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అన్న పోయినాడని ఏడుస్తాండానో, ఆ దేశం పోయిందని ఏడుస్తాండానో నాకే తెలీకుండా ఉండాది. తోడబుట్టినోని కోసం నిండుగా ఏడ్చే రాత గూడా లేకపాయెనే నాకు."