చెత్తబండిలో వేసిన సొరముక్కలు

నేను అయ్యప్ప మాల వేసుకున్నది భక్తితో కాదు, ఒక్కడినే కూర్చుని తినలేక. నందిగాం నుంచి పలాస వచ్చి జీడిపప్పు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిలో చేరిన రెండేళ్ళలో నా గదికి వచ్చిన మనిషి ఇంటి ఓనరు ఒక్కడే. అదీ మోటారు ఎందుకు ఆపలేదని అడగడానికి. మాల వేసుకున్న రోజు నుంచి మధ్యాహ్నం గుడిలో భిక్షకి ముప్ఫైమందితో వరసలో కూర్చునేవాణ్ణి. అందరూ నన్ను "స్వామీ" అనేవారు, నేనూ అందరినీ "స్వామీ" అనేవాణ్ణి. దీక్షలో పేర్లు ఎవరూ అడగరు. పిలుపు దొరికింది కదా, పేరుతో పనేమిటి అనుకున్నాను.

మా కుర్ర స్వాములకి ఒక సేవా బృందం ఉండేది. ఉద్దానం ఊళ్ళ నుంచి కిడ్నీ జబ్బువాళ్ళని ఆటోల్లో డయాలసిస్‌కి తీసుకొచ్చేవాళ్ళం, రక్తం ఇచ్చేవాళ్ళం. ఆ కార్తీకంలో తుఫాను వచ్చి సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇళ్ళు ఎగిరిపోతే, కొన్ని జాలరి కుటుంబాల్ని గుడి పక్క కల్యాణ మండపంలో ఉంచారు. వాళ్ళ వంటా వడ్డనా మా మీద పడింది. ఉల్లీ వెల్లుల్లీ లేని పప్పు, చారు, పులిహోర. మేం తినేదే వాళ్ళకీ పెట్టాం. వాళ్ళేం తింటారో అడగాలని మాలో ఒక్కడికీ తోచలేదు.

రెండోరోజు పొద్దున మండపం ఊడుస్తుంటే ఓ మూల మూటలోంచి గుప్పున నీచు వాసన కొట్టింది. విప్పితే ఎండు చేపలు. పక్కనే మా పూజ సామాను. పారెయ్యమని నాకెవరూ చెప్పలేదు. నలుగురూ మెచ్చుకుంటారని నేనే ముక్కు మూసుకుని పట్టుకెళ్ళి, వీధిలోకొచ్చిన చెత్తబండిలో వేసేశాను. మెచ్చుకున్నారు కూడా. "మంచి పని చేశావు స్వామీ" అని ఒకాయన భుజం తట్టాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఓ గంటసేపు నా అంత సంతోషంగా అక్కడ ఎవరూ లేరు.

స్నానానికి వెళ్ళిన జాలరి ముసలమ్మ ఒకావిడ తిరిగొచ్చి, ఆ మూట ఉన్న చోట మూలమూలా వెతకడం మొదలుపెట్టింది.

"ఏటి ఎతుకుతన్నావు మాతా?" అన్నాను, తెలియనట్టు.

"సొరముక్కలు బావూ. నా కూతురు పచ్చి బాలింత. పాలు పడట్నేదు. సొరపిట్టు సేసి పెడితే పడతాయని దాసినాను. ఇల్లెగిరిపోతంటే గిన్నె కూడా ముట్టుకోనేదు, ఆ మూటొకటే సంకనెట్టుకొచ్చేసినాను."

గోడవార కూతురు బిడ్డని రొమ్ముకి అదుముకుని కూర్చుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు నిన్నటి నుంచీ వింటూనే ఉన్నాను, వానకి జలుబు చేసిందేమో అనుకున్నాను.

"నేనే పారేసినాను" అన్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తెలీక సేసినావులే" అని కూతురి పక్కకెళ్ళి కూలబడింది.

నల్లబట్టలతో, మెడలో మాలతో కాశీబుగ్గ బజారుకి నడిచాను. ఎండు చేపలమ్మే ఆవిడ నన్ను చూసి గోనె వెనక్కి లాక్కుంది. "మాలలో ఉండి ఇదేటి సామీ, నాకు పాపం సుట్టుకుంటాది" అంది. బాలింతకని చెప్పాక ఉన్న సొరంతా కాగితంలో చుట్టి ఇచ్చింది.

నాకన్నా ముందే కబురు గుడికి చేరింది. గురుస్వామి కోప్పడలేదు. "స్నానం చేసి, ఈ పూటకి వేరుగా కూర్చో స్వామీ" అన్నాడు. ఈ పూట అన్నది మాల తీసేదాకా సాగింది. వరసలో కూర్చోబోతే పక్క స్వామి తన ఆకు జరుపుకునేవాడు. నాకు ఏడుపొచ్చేది. గదిలో ఒక్కడినే తిన్నప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

ఆ మొదటి రోజు ఆకు పట్టుకుని మండపం వెనక మెట్ల మీద కూర్చున్నాను. ముసలమ్మ మూడిటుకల పొయ్యి మీద పిట్టు వండుతోంది. వాసన ముక్కుకి కొడుతున్నా లేవలేదు. ఆవిడ చెయ్యి కడుక్కుని వచ్చి, నాకు అంటకుండా కాస్త ఎడంగా కూర్చుంది.

"అందరూ సామీ అంటన్నారు. నీ పేరేటి బావూ?"

చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పిట్టు వల్లో మరెందువల్లో, నాలుగో రోజుకి బిడ్డ ఏడుపు తగ్గింది. వాళ్ళని బస్సెక్కించి పంపేదాకా ఆవిడ నన్ను పేరు పెట్టే పిలిచింది, మండపం అటు చివర నుంచి కేకేసి మరీ. ఆ తర్వాత నన్ను ఆ పేరుతో పిలిచింది కొరియర్ వాళ్ళే. వాళ్ళూ కాగితం మీద చూసి పిలుస్తారు.