ప్రపంచం మా ఊరికి వచ్చిన రోజు

ఆ రోజుల్లో (అంటే మరీ తాతలనాటివి కావు, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేసిన రోజులే) ఇంటర్ పాసైన ప్రతి పిల్లా ఇంజనీరింగే చదవాలని మా పల్నాడులో రాయని చట్టం ఒకటి ఉండేది. దాన్ని ధిక్కరించి నేను హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ‘ఫ్యాషన్ అండ్ రిటైల్’ డిగ్రీలో చేరాను. చదువు మీద ప్రేమతో కాదు, బ్రోషరు మీద ప్రేమతో. అందులో ఒక అద్దాల మేడ ముందు అమ్మాయిలు తెల్లగా నవ్వుతుంటే, వాళ్ల కాళ్ల కింద ‘నిజమైన ప్రపంచ అనుభవం’ అని రాసి ఉంది. (ఆ అమ్మాయిల్లో ఒక్కరూ మా దగ్గర చదివినవాళ్లు కారని చేరాక తెలిసింది. మేడ కూడా మాది కాదు.) గురజాల దగ్గర మా ఊళ్లో ఉండే బాబాయి మాత్రం, “బట్టలు అమ్మటానికి డిగ్రీ ఏందే? నరసరావుపేటలో ఏ షాపులో చేరినా వాళ్లే నేర్పుతారు గదా,” అన్నాడు. మాజీ సర్పంచి కాబట్టి ఏ సంగతి మీదైనా ఆయనకో అభిప్రాయం ఉంటుంది. నేను జాలిగా నవ్వాను.

మా డైరెక్టరుకు మేం పెట్టుకున్న పేరు గ్లోబల్ సారు. క్యాంటీన్లో ఇడ్లీ చల్లారిపోయిందని చెప్పినా గ్లోబల్ మార్కెట్ గురించే మాట్లాడేవాడు. చివరి ఏడాది అందరినీ ఇటలీ తీసుకెళ్తామని మొదట్నుంచీ ఊరించారు. నేను పాస్‌పోర్టు తీయించుకుని, ఇటాలియన్‌లో నాలుగు మర్యాద మాటలు కూడా బట్టీ పట్టాను. తీరా ఆ ఏడాది రాగానే సారు సెమినార్ హాల్లో నిలబడి, “మనం ప్రపంచం దగ్గరికి వెళ్లడం పాత పద్ధతి. ఇప్పుడు ప్రపంచమే మన దగ్గరికి వస్తోంది!” అని ప్రకటించాడు. మేం చప్పట్లు కూడా కొట్టాం. ప్రపంచమంటే ఇటలీ నుంచి రాబోయే ఒక మేడమ్ అనీ, ఆవిడకు పత్తి పండే ఊరినీ అక్కడివాళ్ల సంప్రదాయ దుస్తులనూ చూపించాలనీ, చివరి మార్కులన్నీ దాని మీదేననీ తర్వాత మెల్లగా చెప్పారు. క్లాసులో పత్తి చేను ఉన్న ఇంటి పిల్లను నేనొక్కదాన్నే. అలా ఆ ప్రపంచం కాస్తా మా ఇంటి మీద పడింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మను నేత చీర కట్టుకోమనీ, బాబాయిని పంచె కట్టమనీ బతిమాలాను. అట్టాగేలే అన్నారు. మా బస్సు వెళ్లి ఊళ్లో ఆగేసరికి బాబాయి జీన్స్ ప్యాంటు మీద ఏదో ఫుట్‌బాల్ జట్టు టీషర్టుతో ఎదురొచ్చాడు. ఆయన వెనకాలే ఎర్ర పూల నైటీ, దాని మీద అడ్డంగా తువ్వాలుతో నాయనమ్మ వచ్చింది. నేను బస్సు దిగి పరుగున ఎదురెళ్లాను.

“ఏంది నాయనమ్మా, చీర కట్టుకోమన్నానుగా!”

“ఏమే, ఈ ఎండలో ఆ చీర చుట్టుకుని చావమంటావా? ఊరంతా నైటీలే గదా, నాకు మాత్రం ఎందుకంట?”

గ్లోబల్ సారు నన్ను కొరకొరా చూసి, నాయనమ్మ వైపు తిరిగి చేతులు జోడించాడు. “అమ్మగారూ, వాళ్లు చాలా దూరం నుంచి వచ్చారు. మన సంస్కృతి చూపించాలి కదా.”

“సంస్కృతి బీరువాలో ఉంది నాయనా. పెళ్లిళ్లకి తీస్తాం.”

సారు ఆశగా బాబాయి వైపు చూశాడు. “పంచె ఎలక్షన్లప్పుడే కడతా సార్,” అన్నాడు బాబాయి.

నా డిగ్రీ మట్టిలో కలిసిందనుకుంటూ ఉండగా ఇటలీ మేడమ్ నాయనమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. నైటీ కుచ్చులు పట్టుకుని చూసింది, తువ్వాలు తడిమింది, ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పింది. అదేందో చెప్పమంది నాయనమ్మ.

“ఇది వదులుగా ఉంటుందంట, గాలి ఆడుతుందంట, కొలతలు కూడా అక్కర్లేదంట.”

“అది చెప్పటానికి విమానమెక్కి వచ్చిందా! చానా కష్టపడిందమ్మా. కాసిని మజ్జిగియ్యి.”

అంతవరకూ నన్ను నమిలేసేలా చూస్తున్న సారు, ఒక్క క్షణంలో రంగు మార్చి, “అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాను మేడమ్!” అన్నాడు. ఏడాది చివర ఫ్యాషన్ షోకి మా బ్యాచ్ అంతటికీ అదే అంశమని అక్కడికక్కడే తేల్చేశాడు.

మూడేళ్లు చదివిన చదువునంతా ధారపోసి మేం పట్టుతో నైటీలు కుట్టాం. వాటికి ‘పల్నాడు లైన్’ అని పేరు పెట్టాం. అడ్డంగా తువ్వాళ్లు వేసుకుని, అప్పుడే చావు కబురు విన్నట్టు మొహాలు పెట్టుకుని మోడళ్లు నడుస్తుంటే హాలంతా చప్పట్లు. నాయనమ్మ కంచిపట్టు చీరలో, మెడనిండా నగలతో ముందు వరసలో కూర్చుంది. “ఒరేయ్, అది నైటీ గదరా?” అంది బాబాయితో, స్టేజీ దాకా వినపడేట్టు. “నైటీనే అమ్మా. గట్టిగా అనమాక, మన పిల్లకి మార్కులు పోతాయి,” అన్నాడు ఆయన అంతకన్నా గట్టిగా. నేను మాత్రం స్టేజీ మీద గుండెమీద చెయ్యి వేసుకుని, ఇటలీలోనే ఉన్నట్టు వంగి వంగి దణ్ణాలు పెట్టాను. ఫస్టు క్లాసు వచ్చింది.

ఇప్పుడు విజయవాడలో ఒక మాల్‌లో బట్టల విభాగం నా చేతి కింద ఉంది. మొన్న ఉద్యోగం కోసం మా యూనివర్సిటీ నుంచే ఒక పిల్ల వచ్చింది. బయోడేటాలో పైనే పెద్దక్షరాలతో ప్రపంచ అనుభవం అని ఉంది. “ఏ దేశం వెళ్లావమ్మా?” అని అడిగాను.

“మాచర్ల, మేడమ్,” అంది. కళ్లలో మాత్రం అచ్చం విమానం దిగి వచ్చిన వెలుగే. నవ్వబోయి ఆగిపోయాను. ఆ వయసులో స్టేజీ మీద వంగి దణ్ణాలు పెట్టిన నా మొహం కూడా ఇలాగే వెలిగి ఉంటుంది. “మంచి ఊరు. సోమవారం నుంచి వచ్చెయ్యి,” అన్నాను.