లోపలి తలుపు దగ్గర హుమేరా

హుమేరా మొదటి గెలుపు రెండు వేల ఇరవై ఒకటి మార్చిలో, నాలుగో ప్రయత్నంలో దక్కింది. మా కోల్డ్ స్టోరేజిలో అరవై వేల మిరపకాయ టిక్కీలు, అంటే గోనె బస్తాలు, పడతాయి. ఫలానా రైతు టిక్కీ ఏ ఛాంబర్లో, ఏ వరసలో ఉందో వెతకాలంటే అప్పటిదాకా సగం పూట పట్టేది. హుమేరా రాసిన ప్రోగ్రాం నిమిషంలో చెప్పింది. అంతకుముందు మూడుసార్లు అంటించిన స్టిక్కర్లు చలికి, గోనె చెమ్మకు ఊడి రాలిపోయాయి. నాలుగోసారి గుడ్డముక్కల మీద నంబర్లు వేయించి, హమాలీల మధ్య కూర్చుని, దబ్బనం తానే పట్టుకుని నాలుగు వందల టిక్కీలకు కుట్టి చూపించింది. ఘాటుకు కళ్ళు వాచి వారం రోజులు అలాగే తిరిగింది. అప్పటికి ఆమె వయసు ఇరవై రెండేళ్ళు.

ఇది రాస్తున్న నేను పున్నారావును. మాచవరం బడిలో ఐదో తరగతి దాకా చదివాను. నరసరావుపేటలో ఈ కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళుగా ఉన్నాను. ముగ్గురు యజమానులు మారారు, నేను మారలేదు. నా గేటు దాటి ఆఫీసు చీటీ లేకుండా గుప్పెడు కాయ బయటికి పోయింది ఒక్కసారే. ఆ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే హుమేరా కథలో అదీ ఉంది.

హుమేరా మా కంప్రెసర్ మెకానిక్ అబ్దుల్ జబ్బార్ కూతురు. చిన్నప్పుడు నాన్నకు అన్నం గిన్నె తెచ్చి నా బల్ల దగ్గర కూర్చునేది. ఇంజనీరింగ్ ఇక్కడే చదివింది. తోటివాళ్ళు బెంగుళూరు పోతుంటే మా ఆఫీసులో చేరింది. ఐదేళ్ళలో ఒక్క సెలవు పెట్టలేదు. తూకం మిషన్ను కంప్యూటరుకు కలిపింది ఆమే. కరెంటు పోతే ఛాంబర్ చలి ఎంత తగ్గిందో యజమాని ఫోనుకు కబురు వచ్చేలా చేసింది ఆమే.

పోయిన ఏడాది వెబ్‌సైటు పెట్టారు. కొనేవాడు పేటకు రాకుండానే మచ్చు చూసుకోవాలని యజమాని త్రికోటేశ్వరరావు గారి కోరిక. మచ్చు అంటే సరుకు నాణ్యం చూపడానికి తీసే గుప్పెడు కాయ. దళారులు మచ్చు ఫోటోలు ఎవరి చోట వాళ్ళు పెట్టుకుని లింకులు పంపడం అలవాటు. అందుకని హుమేరా సైటులో ఒక గడి పెట్టింది. దాంట్లో లింకు వేస్తే మా సైటు నడిపే మిషనే ఆ చిరునామాకు పోయి ఫోటో తెచ్చి చూపిస్తుంది.

ఆ మిషను పక్కనే టిక్కీల రిజిస్టరు ఉంటుంది. రైతు పేరు, ఫోను, ఆధార్, అన్నీ అందులోనే. దానికి పాస్‌వర్డ్ పెట్టింది హుమేరా. రోజుకు ఇరవైసార్లు ఆ రిజిస్టరు తెరిచేవాణ్ణి నేను. కారం పట్టిన వేళ్ళతో ఆ అక్షరాలు కొట్టలేక విసుగొచ్చింది.

"ముప్పయ్యేళ్ళ బట్టి ఉన్నా. నన్నే ఎవరని అడుగుద్దా ఆ డబ్బా? మన లోపల మనకి తాళమేందే?" అని కసిరాను.

"అట్టా కాదు తాతా, మంచిది కాదు" అని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. పెద్దవాణ్ణని తీసేసింది. లోపలి మిషన్లు అడిగితే రిజిస్టరు తెరుచుకునేట్టు చేసింది.

డిసెంబరులో ఒక గురువారం పొద్దున హుమేరా సైటు చూస్తుంటే, ఒక మచ్చు ఫోటో ఉండాల్సిన చోట అక్షరాలు కనిపించాయి. నలభై ముగ్గురు రైతుల పేర్లు, నంబర్లు. ఎవడో ఫోటో చిరునామాకు బదులు మా రిజిస్టరు లోపలి చిరునామా ఆ గడిలో వేశాడు. బయటివాడు నేరుగా అడిగితే రిజిస్టరు పలకదు. మా మిషనే పోయి అడిగింది. మనదే గదా అని అది ఇచ్చేసింది. మా మిషను దాన్ని తెచ్చి లోకానికి చూపింది.

హుమేరా ముందు సైటు ఆపింది. తర్వాత యజమాని దగ్గరికి తానే పోయి చెప్పింది. దాచవచ్చు, దాచలేదు.

"ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అన్నారు త్రికోటేశ్వరరావు గారు. "పదిహేను రోజులు టైమిస్తా. గుంటూరు నుంచి పరీక్ష చేసేవాణ్ణి పిలిపిస్తా. అతను మళ్ళీ లోపలికి దూరాడా, పని హైదరాబాదు కంపెనీకి ఇచ్చేస్తా. నువ్వు ఇంకో చోట చూసుకో."

అప్పటినుంచి ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు. నలభై ముగ్గురు రైతులకూ ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మీ వివరాలు బయటపడ్డాయి, ఎవరైనా బ్యాంకు పేరు చెప్పి ఫోన్ చేస్తే నమ్మొద్దు అని చెప్పింది. కొందరు తిట్టారు. కొందరికి అర్థమయ్యేలా మూడేసిసార్లు చెప్పాల్సి వచ్చింది. గొంతు పోయింది. మిగిలిన పొద్దంతా కంప్యూటరు ముందే కూర్చునేది.

పదో రోజుకు మందు వేశానంది. లోపలి చిరునామాలన్నీ రాసి, వీటి జోలికి పోవద్దని మిషనుకు చెప్పింది. గుంటూరు నుంచి వచ్చిన ప్రవీణ్ కుమార్ టీ తాగడం పూర్తికాకముందే దూరాడు. అతనిచ్చింది మంచి బయటి చిరునామానే. మిషను అక్కడికి పోగానే, "ఫోటో ఇక్కడ లేదు, అక్కడుంది" అని మా లోపలి చిరునామా చూపించింది ఆ చోటు. మిషను తిరిగొచ్చి రిజిస్టరు తలుపు కొట్టింది.

"ఇంకా ఐదు రోజులుంది గదండీ, మళ్ళీ వస్తా" అని అతను మర్యాదగానే పోయాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ హుమేరా నా బల్ల దగ్గరకొచ్చి కూర్చుంది. గిన్నె మూత తీయలేదు. జబ్బార్ చేతులకు గ్రీజు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

"అసలేం జరిగిందో నాకర్థమయ్యేట్టు చెప్పవే" అన్నాను.

"సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ అంటారు తాతా. బయటోడు లోపలికి రాడు. మనోణ్ణే పంపిస్తాడు."

"ఓస్, ఇదా! ఇది నాకు తెలిసిందే" అన్నాను.

"మళ్ళీ మొదలు" అన్నాడు జబ్బార్. "పున్నన్నా, నీ చీటీల కథ ఇప్పటికి నూటపదహారుసార్లు విన్నాం."

అయినా చెప్పాను. నేను చేరిన నాలుగో ఏడు, ఒక వ్యాపారి గేటు బయట నిలబడి మా హమాలీ గురవయ్య చేతికి తాను రాసిన చీటీ ఇచ్చాడు, మూడో ఛాంబర్లో ఫలానా రైతు మచ్చు పట్రమ్మని. గురవయ్య మెళ్ళో మా ఎర్ర తువ్వాలుంది. ఆ తువ్వాలు ఉన్నవాణ్ణి మాలో ఎవరూ ఆపరు. తెచ్చిచ్చాడు. ఆ మచ్చు చూసుకుని, దాంట్లో వంకలు పట్టి వ్యాపారి రైతును ధరలో ముంచాడు. గురవయ్య తప్పేం లేదు, పంపినవాడు ఎవడని అడగలేదంతే. అప్పుడు నేను మూడు కట్టుబాట్లు పెట్టాను. రానివ్వకూడని వాళ్ళ పేర్లు రాయడం మానేశాను, ఎందుకంటే వాడు కాకపోతే ఇంకొకణ్ణి పంపుతాడు. రానివ్వాల్సిన వాళ్ళ పేర్లే బోర్డు మీద రాశాను. రెండోది, చీటీలో రాసిన చోటికే హమాలీ పోవాలి, మధ్యలో ఎవరు ఇంకో చోటు చెప్పినా వెనక్కి రావాలి. మూడోది, తువ్వాలు ఉన్నా సరే, ప్రతి ఛాంబర్ తలుపు దగ్గరా మళ్ళీ ఆఫీసు చీటీ అడగాలి. ఇప్పటిదాకా ఇంకో గుప్పెడు పోలేదు.

హుమేరా నవ్వలేదు. నా వంక అలిసిన కళ్ళతో చూసింది.

"ఆ మూడోదే గదా తాతా, నువ్వు నా చేత తీయించింది."

జబ్బార్ అటు తిరిగాడు. ముప్పై ఒక్క ఏళ్ళ గొప్ప ఆ ఒక్క మాటతో బల్ల మీద పడి ఉంది.

అన్నం తినకుండానే లేచి యజమాని గదికి పోయాను. పాస్‌వర్డ్ తీయించింది నేనని, ఆ పిల్ల వద్దన్నా వినలేదని చెప్పాను.

"నువ్వా పున్నారావూ?" అన్నారు. మళ్ళీ తన కాగితాల మీదికి వంగి, "అయినా పరీక్ష పరీక్షే" అన్నారు.

ఆ ఐదు రోజులూ హుమేరా పనంతా విప్పి మళ్ళీ కట్టింది. దళారులు ఫోటోలు పెట్టుకునే నాలుగు చోట్ల పేర్లే మిషనుకు ఇచ్చింది, ఇంకే చోటికీ పోదు. పేరు మంచిదైనా, దాని వెనకున్న అసలు నంబరు లోపలిదేమో చూసుకుని, చూసిన ఆ నంబరుకే పోతుంది. దారిలో ఎవరు ఇంకో చోటికి పొమ్మన్నా వినదు. ఫోటో కాని దాన్ని తేదు. తెచ్చే మిషన్ను రిజిస్టరుకు దారే లేని చోట విడిగా పెట్టింది. రిజిస్టరు ఇప్పుడు అందరినీ అడుగుతుంది, నన్ను కూడా. నా పాస్‌వర్డు పన్నెండు అక్షరాలు. మొదటి రోజు తొమ్మిదిసార్లు తప్పు కొట్టాను, పదోసారి తెరుచుకుంది.

ప్రవీణ్ కుమార్ వచ్చి రెండు రోజులు కూర్చున్నాడు. రెండో రోజు సాయంత్రం కంప్యూటరు మూసి, "దారి దొరకలేదండీ" అని కాగితం మీద రాసిచ్చాడు.

యజమాని ఆ కాగితం చదివి, "మంచిది. రేపట్నుంచి కొత్త కాయ లోడ్ల పని చూడమ్మా" అన్నారు. అంతే.

హుమేరా బయటికొచ్చి మెళ్ళోని కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఉద్యోగం నిలబడింది గదే, ఇదేంది?" అన్నాను.

"నిలబడింది తాతా. నేనే నిలబడలేకపోతున్నా. చానా అలిసిపోయా. ఇంక రానేమో."

ఆ కార్డు తీసుకుని మళ్ళీ లోపలికి పోయాను. నాకు రావాల్సిన సెలవులు చానా ఉన్నాయని, ఈ పిల్లకున్నవి చాలకపోతే అవి కూడా రాయమని అడిగాను. ఆయన నన్ను, కార్డును చూసి సంతకం పెట్టారు. మరుసటి సోమవారం హుమేరా సాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో ఉన్న అక్క నజీమా ఇంటికి బస్సెక్కింది. కంప్యూటరు తీసుకుపోలేదు.

వారానికోసారి జబ్బార్ ఫోన్ కలిపి ఇస్తాడు.

"ఏమే, వస్తున్నావా?" అని అడుగుతాను.

"రోజంతా పడుకుంటున్నా తాతా. నీ పాస్‌వర్డు గుర్తుందా?" అంటుంది. వస్తాననీ అనదు, రాననీ అనదు. పోయిన ఆదివారం మాత్రం, "శివరాత్రికి బస్సులన్నీ కోటప్పకొండకే గదా, అది దాటాక చూస్తా" అంది.

ఆమె కార్డు నా సొరుగులో ఉంది. గేటు పుస్తకంలో బయటికి పోయిన ప్రతివాళ్ళ పేరు పక్కనా తిరిగొచ్చే తేదీ రాయడం నా పద్ధతి. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ గడి ఖాళీగా వదల్లేదు. ఆమె పేరు పక్కన కూడా రాశాను, శివరాత్రి దాటిన రెండో రోజు: రెండు వేల ఇరవై ఆరు, ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం.