మార్లిస్ మరిచిన కేబుల్

కెనడాలోని విన్నిపెగ్‌లో మార్లిస్ ఫ్రీసెన్ నోటికి జడవని మెకానిక్ లేడు. బాయిలర్లనీ పంపులనీ నెట్‌వర్క్‌కి కలపడం ఆమె పని. తొమ్మిదేళ్లుగా ఆమె పక్కన పనిచేస్తూ ఆ తిట్లు తింటున్నది నేను. కేబుల్ వేలాడుతూ కనబడితే చాలు, ఆమెకి ఒళ్లు మండిపోతుంది.

ఆ జనవరి ఉదయం బయట మైనస్ ముప్ఫై నాలుగు డిగ్రీలు. మేం చూసే ఒక వృద్ధాశ్రమంలో గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్లు ఆగిపోయాయి. కంప్యూటర్ తెరమీద నూట పన్నెండు పరికరాల్లో ఒక్కటీ పలకడం లేదు. పై అంతస్తుల్లో ముసలివాళ్లు కోట్లు తొడుక్కుని కూర్చున్నారు.

"గదుల్లో పదమూడు డిగ్రీలకి పడిపోయింది," అన్నాను.

"నాకు తెలీదా? జరుగు." మార్లిస్ పరికరాల కేబుళ్లన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ పెట్టె తలుపు లాగింది. లోపల దీపాలన్నీ పూనకం వచ్చినట్టు కొట్టుకుంటున్నాయి. ఒకే కేబుల్ రెండు కొసలూ ఆ పెట్టెలోనే గుచ్చి ఉన్నాయి. వెళ్లిన కబురే తిరిగి తిరిగి వస్తూ, ఇంకే పరికరాన్నీ మాట్లాడనివ్వడం లేదు.

ఒక కొస పీకింది. దీపాలు నెమ్మదించాయి. పరికరాలు ఒక్కొక్కటే పలికాయి. బాయిలర్లు గుర్రుమని అంటుకున్నాయి.

"ఎవడా తెలివితక్కువ వెధవ?"

ఆశ్రమంలో ఊడ్చే ఎర్విన్ చీపురుతో ముందుకొచ్చాడు. "నేనే. పొద్దున్న ఒక కొస వేలాడుతుంటే గుచ్చాను. నువ్వు రాసిందే కదా తల్లీ."

తలుపు మీది కాగితంలో ఆమె చేతిరాతే: "వేలాడే కేబుల్ కనబడితే గుచ్చెయ్యండి." కేబుల్ కూడా ఆమెదే. ముందురోజు పరీక్షకని ఒక కొస లాప్‌టాప్‌కి తగిలించి, పనయ్యాక ఊడదీసి, ఆ కొస అలాగే వదిలేసి పోయింది.

ఆ కాగితం ఇప్పుడు ఆమె లంచ్ డబ్బా మూత లోపల అంటించి ఉంది. మామీద కోపం వస్తే ముందు డబ్బా తెరిచి చూసుకుంటుంది. మూసేశాకే తిడుతుంది.