బిడ్డ ఏడిస్తే బిగిసిన ఒళ్లు

నాకు నోరెక్కువని మా అత్తవారింట్లో అందరూ అనేవారు. అలాంటి నా నోరు ఒకరోజు పొద్దున్నే తెరుచుకోవడం మానేసింది. యానాంలో ఇంకా ఫ్రెంచి జెండా ఎగురుతున్న రోజులవి. నా తొలిచూలు కొడుక్కి ఎనిమిదో నెల. ముందురోజే అడవిపొలం అనే ఊళ్లో ఉన్న మా పుట్టింటికి పంపమని మా ఆయనతో గొడవపడ్డాను. ఆయన కుదరదన్నారు. అందుకని నేను గంజి ముట్టకపోతే అలకే అనుకున్నారు.

“మూతి బిగించుకు కూకుంటే పిల్లోడికి పాలెక్కణ్ణించొత్తాయమ్మా?” అన్నారు అత్తగారు.

అలక కాదని చెప్పడానికి నోరు రావాలి కదా! దవడలు రెండూ ఎవరో కుట్టేసినట్టున్నాయి. మెడ వెనక్కి లాగేస్తోంది. సైగలు చేస్తే వెక్కిరిస్తున్నాననుకుని ఆవిడ ఇంకా ఉడుక్కున్నారు.

మధ్యాహ్నం ఉయ్యాల్లో పిల్లవాడు ఆకలికి కేరుమన్నాడు. అంతే, నా ఒళ్లంతా ఒక్కసారిగా బిగుసుకుపోయి నడుము పైకి లేచింది. తలా మడమలూ మాత్రమే చాప మీద ఆనాయి. ఊపిరాడలేదు. కండలు చిట్లిపోతున్నంత నొప్పి. చచ్చిపోతున్నాననుకున్నాను. తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. పోయినా బాగుండేది.

మూర్ఛ అనుకుని అత్తగారు తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో కుక్కారు. మూర్ఛకి ఇనుము విరుగుడని మావాళ్ల నమ్మకం. ఆ గలగల వినబడగానే మళ్లీ బిగుసుకున్నాను. ఆవిడ పాపం ఇంకా గట్టిగా అదిమిపట్టారు. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, పట్టుకున్నకొద్దీ నా నడుము విరిగిపోతోంది. వదలండి అని అరవలేకపోయాను.

మా ఆయన పరుగున వెళ్లి డాక్టరుగారిని తీసుకొచ్చారు. ఆయన చెప్పులు బయటే విడిచి, మెల్లగా వచ్చి నా మడమ చూశారు. వారం కిందట పేడకుప్ప దగ్గర తుమ్మముల్లు గుచ్చుకుంది. సున్నం, పసుపు అద్ది మరిచిపోయాను.

“ధనుర్వాతం. బండిలో కుదిపితే మనిషి దక్కదు. ఇక్కడే సూదిమందు ఇస్తాను. గది చీకటి చెయ్యండి. చప్పుడు వద్దు, ముట్టుకోవద్దు” అన్నారు గుసగుసగా.

“ఆయ్, అలాగేనండి. మరి పిల్లోడండి?” అన్నారు మా ఆయన.

“వాణ్ణి ఈ ఇంట్లో ఉంచకండి. వాడు ఏడ్చినప్పుడల్లా ఈవిడ నరాలు రెచ్చిపోతాయి. ఏదో ఒకసారి ఊపిరి తిరిగిరాదు.”

అప్పుడే అత్తగారు నా ముఖం చూసి, “నవ్వుతుందండి మా కోడలు! తగ్గిపోయిందండి!” అన్నారు. బిగుసుకున్న కండలు నా పెదాలను రెండు పక్కలకీ లాగేశాయంతే. అది నవ్వు కాదని డాక్టరుగారు చెప్పాక ఆవిడ పెరట్లోకి వెళ్లిపోయారు.

వాడి ఏడుపు నన్నేం చేసిందో చాలా ఏళ్లకు గాని నాకు అర్థం కాలేదు. తెలిసినంతలో చెబుతాను. నరాల కణాలు ఒకదాన్నొకటి తాకవు. మధ్యన కంటికి ఆనని సందు ఉంటుంది. ఒక కణం ఆ సందులోకి రవ్వంత రసాయనం వదులుతుంది. దానికి అవతలి కణం తలుపులు తెరుచుకుంటే, ఉప్పులో ఉండే సోడియం లోపలికి చొరబడి ఆ కణాన్ని రేపుతుంది. ఇది “కదులు” అనే కబురు. ఒక్క కబురుకి కణం లొంగదు. ఒడ్డున పడవని ఒక్కడు తోస్తే కదులుతుందా? పదిమంది కలిసి తొయ్యాలి. అలాగే కబుర్లన్నీ కూడి ఒక హద్దు దాటితేనే ఆ కణం తనవంతు కబురు ముందుకు పంపుతుంది. “ఆగు” అనే కబుర్లు కూడా ఉంటాయి. వాటి వల్లే మనం చప్పుడుకి ఉలిక్కిపడి ఊరుకుంటాం. ముల్లుతో నా మడమలోకి దిగిన క్రిమి పుట్టించిన విషం నరం వెంట వెన్నుపాములోకి పాకి, ఆగమనే వాటి నోళ్లు నొక్కేసింది. కదలమనే వాటికి అడ్డు చెప్పే దిక్కు లేకుండా పోయింది.

పిల్లవాణ్ణి కనకాలపేటలో మా ఆడపడుచు దగ్గరికి పంపేశారు. కిటికీకి గోనెపట్టా కట్టారు. ఆ చీకట్లో కాకి అరిచినా, గిన్నె జారినా బిగుసుకునేదాన్ని. రెండు బిగింపుల మధ్య ఊరికే పడుకుని, ఇప్పుడు ఏ చప్పుడవుతుందోనని కాచుకునేదాన్ని. రొమ్ములు సలిపి సలిపి పాలు ఇంకిపోయాయి. వాడు తాగుతున్నాడో లేదో, అసలు ఉన్నాడో లేదో ఎవరూ చెప్పరు. మాట్లాడకూడదు కదా. వీధిలో ఏ పసివాడి గొంతు విన్నా మావాడేమోననిపించేది. బిడ్డ ఏడుపు చెవిన పడకూడదని ఏ తల్లైనా మొక్కుకుంటుందా? నేను మొక్కుకున్నాను.

సూదులు పనిచేశాయి. వారాలు గడిచేసరికి బిగింపులు తగ్గాయి. గోనెపట్టా తీసెయ్యమన్నారు డాక్టరుగారు. ఆ సాయంత్రం ఆడపడుచు వాణ్ణి ఎత్తుకుని వచ్చింది. బుగ్గలు వచ్చాయి వాడికి. నేను గోడకానుకుని కూర్చుని చేతులు చాచాను.

“రా నాన్నా!” అన్నాను. గొంతు బొంగురుగా ఉంది. ముఖం ఇంకా పూర్తిగా వదల్లేదు, పెదాలు అలాగే లాగి ఉన్నాయి.

వాడు నన్ను తేరిపార చూశాడు. కింది పెదవి వణికింది. జడుసుకుని కెవ్వుమని ఏడ్చి, మేనత్త మెడలో ముఖం దాచుకున్నాడు.

నా ఒళ్లు బిగుసుకోలేదు. “బతికేవే!” అన్నారు మా ఆయన కళ్లు తుడుచుకుంటూ. నేను కొంగుతో ముక్కు దాకా మూసుకున్నాను, కళ్లు చూస్తేనైనా గుర్తుపడతాడేమోనని.